భయమా, ఏవగింపా? — ‘హోమోఫోబియా’ యను శబ్దమును గూర్చి

గతసంవత్సరము మా తరగతిలో నొక బాలుడు ఆంగ్లవార్తాపత్రికనుండి కత్తిరించిన చిన్నముక్కను దెచ్చి, అందు గీత గీసిన మాటకు అర్థమేమని మమ్ము నడిగెను. ఆ మాట ‘హోమోఫోబియా’. ఉపాధ్యాయులకు సహజమైన యుత్సాహముతో మేము దానిని నల్లబల్లమీద రెండుగా విఱిచి వ్రాసితిమి. ‘హోమోస్’ అనగా గ్రీకుభాషలో ‘సమానము, అదియే’ యని యర్థము. ‘ఫోబోస్’ అనగా భయము. రెంటిని గలిపిన ‘తనవంటి దానివలని భయము’ అగును. వ్యవహారమున మాత్రము స్త్రీని స్త్రీయు, పురుషుని పురుషుడును ప్రేమించువారియెడ లోకమునకు గల వైముఖ్యమును దెలుపుచున్నది అని చెప్పి, చేతికంటిన సుద్దను దులుపుకొంటిమి. బాలుడు కదలలేదు. “భయపడేవాడు పారిపోవాలి గదా మాస్టారూ, దగ్గరికొచ్చి ఎందుకు కొడతాడు?” అని యడిగెను.

ఆ ప్రశ్నకు నాడు మేము సమాధానము చెప్పలేకపోయితిమి. ఆ ఋణము తీర్చుకొనుటకే యీ వ్యాసము.

ముందుగా పరిభాషను గూర్చి యొకమాట. మన పత్రికలు ‘స్వలింగసంపర్కులు’ అని వ్రాయుచున్నవి. ఒక మనుష్యుని జీవితము నంతటిని ఒక్క క్రియతో గుర్తించుట మాకు నచ్చలేదు. భార్యాభర్తల నెవరును ‘భిన్నలింగసంపర్కులు’ అని పిలువరు గదా! కావున మేము ‘స్వలింగానురాగులు’ అని వ్రాసెదము. స్త్రీలును పురుషులును ఇందు జేరుదురు.

ఈ శబ్దచరిత్ర పేరు లేని దశనుండి యారంభమగును. ఇంగ్లండునందు 8వ హెన్రీ కాలమున, 1533లో, పురుషులమధ్య సంభోగమునకు మరణశిక్ష విధించు శాసనము పుట్టెను. ఆ శిక్ష 1861 వఱకు గ్రంథములనుండి తొలగలేదు. 1835లో జేమ్స్ ప్రాట్, జాన్ స్మిత్ అను నిరువురు పేదవారు లండనునందలి న్యూగేట్ చెఱసాల యెదుట ఉరితీయబడిరి. ఈ నేరమునకు ఆ దేశమున ఉరికంబ మెక్కినవారిలో వారే కడపటివారు. ఇంతటి శిక్షగల నేరమునకు పేరు మాత్రము పలుకరాదు. ఆంగ్లధర్మశాస్త్రమునకు వ్యాఖ్యాత యైన బ్లాక్‌స్టన్ 1769లో వెలువడిన తన నాలుగవ సంపుటమున, క్రైస్తవులమధ్య ఉచ్చరింపదగని పాపమని లాటినుభాషలో జెప్పి తప్పించుకొనెను. ఆయన శిష్యపరంపరయే మన దేశమునకును వచ్చినది. మెకాలే యధ్యక్షుడుగా నున్న సంఘము 1837లో భారత శిక్షాస్మృతికి ముసాయిదా వ్రాసినపుడు, తక్కిన నేరములకెల్ల విపులములైన వ్యాఖ్యలు చేర్చి, దీనియొద్దకు వచ్చుసరికి, ఇట్టి రోతపుట్టించు విషయమున బహిరంగచర్చకు దావిచ్చు నక్షరమొకటియు వ్రాయ నిష్టపడమనియు, అట్టి చర్చవలన నీతికి గలుగు హాని చట్టమువలని లాభమును మించుననియు నభిప్రాయపడిరి. పాఠకు లొకసంగతి గమనింపవలెను. ఆ మహాశయుల వాక్యమున నున్నది రోత. వారికి భయ మేమైన నున్నచో నది నేరస్థులను గూర్చి కాదు, చర్చను గూర్చి.

సరిగా నూఱేండ్లకు, 1869లో, పేరు పుట్టెను. వియన్నాలో జన్మించిన హంగరీదేశపు రచయిత కెర్ట్‌బెనీ, ప్రష్యా శిక్షాస్మృతిలోని యొక నిబంధనను ఖండించుచు తనపేరు వేయక ప్రకటించిన కరపత్రములలో ‘హోమోసెక్సువల్’ అను మాటను మొదటిసారి యచ్చువేసెను. అంతకు ముందటియేడే యొక మిత్రునకు వ్రాసిన లేఖలో దానిని వాడియుండెను. ఆ లేఖలోనే ‘హెటరోసెక్సువల్’ అను దాని జంటయు నున్నది. పూర్వార్ధము గ్రీకు, ఉత్తరార్ధము లాటిను. వ్యాకరణవేత్తలు ముక్కు విఱిచిరి. నిందార్థము లేని మాట కావలెనని యాయన కోరిక. కాని మాటకు జన్మ మిచ్చినవాడు దాని బ్రతుకును శాసింపలేడు. 1886లో క్రాఫ్ట్-ఎబింగ్ అను వైద్యుడు మనోవికారములపై వ్రాసిన గ్రంథముతో నా మాట న్యాయస్థానముల బారినుండి వైద్యశాలల పాలాయెను. పాపి నేరస్థుడైనాడు, నేరస్థుడు రోగియైనాడు. 1952లో అమెరికా మానసికవైద్యుల సంఘము ప్రకటించిన మొదటి రోగపట్టికలో స్వలింగానురాగము సంఘవిరుద్ధమైన వ్యక్తిత్వదోషములలో జేర్పబడెను. మఱుసటియేడు అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ జారీచేసిన యాజ్ఞవలన నిట్టివారు కేంద్రప్రభుత్వపు కొలువులనుండి ఏఱివేయబడిరి.

అంత మఱియొక నూఱేండ్లు గడచి 1969 వచ్చినది. జార్జి వైన్‌బర్గ్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు న్యూయార్కున నుండెను. ఆయన స్వలింగానురాగి కాడు. 1965 ప్రాంతమున, స్వలింగానురాగుల సభయొకదానిలో నుపన్యసింప సిద్ధపడుచుండగా నాయనకొక విషయము తట్టెను. తన తోడి వైద్యులు చికిత్సాలయమున నిట్టివారితో గంటలకొలది మాటలాడుదురు. అట్టి స్నేహితురాలొకతెను విందునకు బిలుతమనగానే వారి ముఖములు మాఱును. రోగిగా నున్నంతవఱకు దయ. అతిథిగా వచ్చినచో కంపరము. దీనికి ఫోబియా యను వైద్యపుమాట తగునని యాయనకు దోచినది. ఆయన మిత్రులైన జాక్ నికల్స్, లైజ్ క్లార్క్ అను నిరువురు ఆ మాటను 1969 మేనెల 23వ తేదీని తమ పత్రికాశీర్షికలో నచ్చువేసిరి. ఆ పత్రిక న్యూయార్కునందలి యొక అశ్లీలవారపత్రిక యని చెప్పుటకు మే మేమియు సంకోచింపము; పంకమున బుట్టిన వన్నియు పంకములు కావు. ఆ సంవత్సరాంతములోపలనే ‘టైమ్’ పత్రిక దానిని వాడెను. వైన్‌బర్గ్ తాను స్వయముగా 1971లో దానినిగూర్చి వ్రాసి, 1972లో వెలువడిన గ్రంథమున, స్వలింగానురాగులకు చేరువలో నుండవలసివచ్చుట యనిన గలుగు బెదరు అని లక్షణము చెప్పెను.

ఈ మాట యప్పుడు చేసిన పనిని నేటి విమర్శకులు తఱచుగా మఱచుచున్నారు. అంతవఱకు శాస్త్రజ్ఞుల ప్రశ్న యొక్కటియే: ‘వీరికి రోగమెట్లు వచ్చినది?’ 1957లో ఎవిలిన్ హుకర్ అను విదుషి ముప్పదిమంది స్వలింగానురాగులను, ముప్పదిమంది యితరులను పరీక్షించి, పేర్లు దాచి, ఆ ఫలితములను నిపుణులచేతి కిచ్చెను; ఏవి యెవరివో వారు చెప్పలేకపోయిరి. రోగము కనబడలేదు. వైన్‌బర్గ్ ఆ తర్కమును మఱియొక యడుగు ముందునకు నడిపి, రోగమున్నచో చూచువాని కన్నులలో నున్నదనెను. మంచముమీదివాని నాడి వదలి, మంచముచుట్టు నిలిచినవారి నాడి పట్టుకొనెను. 1973 డిసెంబరులో ఆ మానసికవైద్యుల సంఘమే తన పట్టికనుండి స్వలింగానురాగమును దొలగించినది. 1974లో సభ్యుల యభిప్రాయము గోరగా నూటికి 58మంది యా నిర్ణయమును సమర్థించిరి.

కాని యా తీర్పునకు ముందు, 1972లో, డల్లాసు నగరమున జరిగిన యా సంఘపు సభలో నొక దృశ్యమున్నది. వేదికమీద నొక వైద్యుడు ముఖమునకు మాస్కు తగిలించుకొని, తనకు మిక్కిలి పెద్దదైన కోటు తొడిగికొని, గొంతు మాఱ్చు యంత్రములో మాటలాడి, తానును స్వలింగానురాగినే యని తోడివైద్యులకు దెలిపెను. ‘డాక్టర్ హెచ్. అనామకుడు’ అని యాయనను పరిచయము చేసిరి. ఆయన పేరు జాన్ ఫ్రయర్ అని లోకమునకు దెలియుటకు ఇరువదియేండ్లకు పైగా పట్టెను. మేమీ వృత్తాంతము చదివినప్పుడు మా బాలుని ప్రశ్న మరల జ్ఞప్తికి వచ్చినది. ఆ సభాభవనమున భయపడుచున్న వాడెవడు? మాస్కు వేసికొన్నవాడు. కుర్చీలలో గూర్చున్నవారు కాదు. భయము పేరిట బుట్టిన మాట, భయము లేనివారికి దానిని అంటగట్టి, నిజముగా వణకుచున్న వానిని మఱచుచున్నదేమో యని యప్పుడు మా కనుమానము గలిగెను.

ఈ యనుమానము మాదొక్కరిదే కాదు. శబ్దనిర్మాణమును దప్పుపట్టినవారు మొదటివారు. లాటినున ‘హోమో’ యనిన మనుష్యుడు గనుక, మనుష్యులవలని భయమని కూడ నర్థము రావచ్చును. 1920లోనే యొక యాంగ్లపత్రికలో నీ యర్థముతో నా మాట కనబడినది. చరిత్రకారుడైన జాన్ బాస్‌వెల్ 1980లో, ఇది యక్షరాల ‘పోలినదానివలని భయము’ అగునే కాని మఱియొకటి కాదని యాక్షేపించి, ‘హోమోసెక్సోఫోబియా’ యని పొడిగించెను. అంతకుముందే, 1967లో, చర్చిల్ అను నతడు ‘హోమోఎరోటోఫోబియా’ యనియుండెను. ఇట్టి మాటలు నిఘంటువులందు సుఖముగా నిద్రించును, నోటికి రావు.

ఈ యాక్షేపమునకు మన శాస్త్రకారు లెన్నడో సమాధానము చెప్పియున్నారు. యౌగికము, రూఢము, యోగరూఢము అని శబ్దములను వారు విభజించిరి. ‘ప్రవీణుడు’ అనగా వీణ బాగుగా వాయించువాడు. నేడు వడ్రంగమునను ప్రవీణుడు గలడు. ‘కుశలుడు’ దర్భలు కోయువాడు. మన మొండొరుల కుశల మడుగునపుడు దర్భల నెవడును తలపడు. ‘పంకజము’ తామరయే కాని బురదలోని కప్ప కాదు. రూఢి యోగమును త్రోసివేయునని మన తార్కికులు వాడుక చేసిన న్యాయము. కనుక వ్యుత్పత్తి చూపి ‘ఈ మాట తప్పు’ అనువారు నాడు మేము తరగతిలో జేసిన పనినే చేయుచున్నారు.

‘ఫోబియా’ యను భాగమునకును ఇదియే యుత్తరము. 1786లో అమెరికా వైద్యుడు బెంజమిన్ రష్ ఫోబియాల పట్టికయొకటి పరిహాసముగా వ్రాసెను. అందు పిల్లి, ఎలుక, వైద్యుడు, చర్చి యన్నిటికిని భయములు గలవు. 18వ శతాబ్ది ముగియకముందే ఆంగ్లేయులయెడ ద్వేషమునకు ‘ఆంగ్లోఫోబియా’ యను పేరు వచ్చినది. ఆ ద్వేషుల నెవరును వైద్యునొద్దకు గొనిపోలేదు. ఈ కుటుంబమున మిక్కిలి ప్రాచీనమైనది ‘హైడ్రోఫోబియా’, అనగా నీటిభయము, పిచ్చికుక్క కాటువలన వచ్చు వ్యాధి. మన సుశ్రుతుడును కల్పస్థానమున దానిని ‘జలత్రాసము’ అనియే చెప్పెను. గ్రీకులకును మనకును ఒకే లక్షణము కంటబడినది. నిజమునకు రోగికి నీటిమీద పగ లేదు. మ్రింగబోయిన గొంతు పట్టుకొని యాతన పడును. వానికి దాహమున్నది. పేరు పైకి గనబడినదానినిబట్టి వచ్చినది, లోపలి కారణమునుబట్టి కాదు. ఆ పేరును దీసివేయుమని యెవరును కోరలేదు.

అయినను, శబ్దవాదమునకు లొంగని యాక్షేపము మఱియొకటి గలదు. మాట రూఢమైనను వైద్యపువాసన దానిని విడువలేదు. 2012లో అసోసియేటెడ్ ప్రెస్ అను వార్తాసంస్థ తన రచనానియమములలో, ఫోబియా యనునది వశముగాని భయము, తఱచు మనోవ్యాధి. తెలియకయే యొరుల కట్టి వ్యాధి నంటగట్టరాదు గనుక రాజకీయ సాంఘిక విషయములలో నీ మాటను మానుడని తన రచయితలకు జెప్పెను. 2017లో నా కట్టును సడలించినది. గ్రెగొరీ హెరెక్ అను పండితుడు 2004లో నొక దీర్ఘవ్యాసమున నీ మాటకు జేయవలసిన వందనము చేసి, దానిని దాటిపోవలసిన కాలము వచ్చినదని వ్రాసెను. వ్యక్తి మనసులోని వైముఖ్యమునకు ‘లైంగిక దురభిప్రాయము’ అనియు, సంఘమునందు పాతుకొన్న కట్టుబాటునకు వేఱుపేరును ఆయన సూచించెను. మాకు హెరెక్ వాదము సమంజసముగా దోచుచున్నది, అయితే యాయన చెప్పిన కారణములలో నొకదానికి మేమెక్కువ బరువిచ్చెదము.

అది యేదనగా: రోగమనిన క్షమ వెంటవచ్చును. 1920లో కెంఫ్ అను మానసికవైద్యుడు ‘హోమోసెక్సువల్ పానిక్’ అను రోగమును వర్ణించెను. తనలో నట్టి కోరిక గలదేమో యని రోగి పడు కలవరమది. తరువాతి కాలమున న్యాయవాదు లా మాటను దలక్రిందులు చేసి, ‘వాడు నన్ను సమీపించెను, నేను భయభ్రాంతుడనై చంపితిని’ అను వాదముగా మార్చిరి. 1998లో వయోమింగ్ రాష్ట్రమున మాథ్యూ షెపర్డ్ అను విద్యార్థిని కంచెకు గట్టి కొట్టగా నతడు మరణించెను. 1999లో విచారణ జరుగునప్పుడు ముద్దాయి పక్షమున నీ వాదమును దేబోగా న్యాయాధిపతి యనుమతింపలేదు. 2013లో అమెరికా న్యాయవాదుల సంఘము ఇట్టి వాదమునకు హద్దులు పెట్టవలెనని తీర్మానించెను. మఱుసటియేడు కాలిఫోర్నియా దానిని చట్టముచే నిషేధించెను. చంపినవాని భయమును న్యాయస్థానము నమ్మినచో చచ్చినవానికి న్యాయమెక్కడ? వైన్‌బర్గ్ ఎన్నడును దీని నూహించియుండడు. అయినను ద్వేషమునకు భయమని పేరిడినవాడు, ద్వేషించువానికి సాకును కొంత చేతికిచ్చినవాడే. ఈ సందర్భమున మఱియొక యాధునికవాదమును పేర్కొందుము. ద్వేషించువాడు లోలోన స్వలింగానురాగియే యని కొందఱు నవ్వుచు జెప్పుదురు. 1996లో నొక పరీక్షవలన దీనికి గొంత బలము వచ్చినది. కాని యీ వాదమును ఊతగా గొన్నచో జరిగిన కీడునకెల్ల తుద కా వర్గమువారే బాధ్యులగుదురు. ఇది మాకు రుచింపదు.

భయము కానిచో మఱి యేమి? భరతముని స్థాయిభావముల నెనిమిదింటిని జెప్పెను. భయమునకు అనుభావములు కాలుసేతులు వణకుట, గుండె కొట్టుకొనుట, నోరెండుట. జుగుప్సకు ముఖము ముడుచుకొనుట, ఉమియుట. క్రోధమునకు కన్నులెఱ్ఱబాఱుట, పెదవి కఱచుట. ఈ కొలతతో జూచినచో దెబ్బ కొట్టువానియందు గనబడునది క్రోధము. వీధిలో ప్రక్కకు దొలగి యుమియువానియందు జుగుప్స. భయమున్నది దెబ్బ తిన్నవానియందు. పాశ్చాత్యపరిశోధకులును నేడీ దారిని బడుచున్నారు. రోత సులభముగా గలుగు స్వభావము గలవారికి స్వలింగానురాగులయెడ వైముఖ్య మధికమని 2009లో నొక పరిశోధన తేల్చినది. మార్తా నుస్బామ్ 2010లో, రోత యనునది చట్టమునకు బునాది కాజాలదని యొక గ్రంథమునే వ్రాసినది.

అయితే మన దేశమునకు సంబంధించినంతవఱకు మునియొక్క పట్టికలో మొదటివరుసలోనే యున్న మఱియొక భావమును విడువరాదు, అది హాసము. తెలుగువాడు స్వలింగానురాగిని మొదట నెదుర్కొనునది నవ్వుతోడనే. చలనచిత్రములలో వయ్యారపు నడకయు, సాగదీసిన పలుకును గల పురుషుడు కనబడినంతనే ప్రేక్షకులు పకపక నవ్వవలెనని దర్శకుల యాశయము. ‘వాడు తేడా’ యని యొక మాట పుట్టినది. తేడా యనిన భేదము. అచ్చటికి నేరమేమియు లేదు. అయినను ఆ మాట యనునప్పటి కంటిసైగ వేయి తిట్లకు సమానము. మా బాలుని ప్రక్క గూర్చుండు వాడొకడు అంతకు రెండువారములనుండి బడికి వచ్చుట లేదన్న సంగతియు, తోడివారు వానిని ‘తేడా’ యని పిలుచుచుండిరన్న సంగతియు మాకు దరువాత దెలిసినవి. నవ్వినవారిలో నెవడును భయపడినట్లు లేదు. వారి నడిగినచో, ‘ఊరికే ఆటపట్టించాం’ అనిరి. ఈ నవ్వు ఏ ఫోబియాలోను ఇమడదు.

ఇక మన పూర్వగ్రంథముల మాట. వాత్స్యాయనుడు తృతీయాప్రకృతిని గూర్చి కోపములేక, జాలిలేక, ఉన్నదున్నట్లు వ్రాసెను. కౌటిల్యుడు పురుషులమధ్య సంభోగమునకు పూర్వసాహసదండము, అనగా 48 మొదలు 96 వఱకు పణములు, విధించెను. ఇంగ్లండువారి యురికంబముతో బోల్చిన నిది స్వల్పము. మనువు పదునొకండవ యధ్యాయమున నొకచో దీనిని సురను వాసనచూచుటతోను కుటిలవర్తనముతోను జేర్చి జాతిభ్రంశకర మనెను. మఱియొకచో ద్విజుడు కట్టుబట్టలతో స్నానము చేసిన జాలుననెను. దీనిని జూచి కొందఱు మిత్రులు మన పూర్వులు మిక్కిలి యుదారులని సంతసించుచున్నారు. మాకంత సంతోషము లేదు. ఆ స్మృతిలోనే చండాలుని దాకినవానికిని, రజస్వలను దాకినవానికిని విధింపబడినది స్నానమే. స్నానము మైలకు గాని నేరమునకు గాదు. ఇచ్చటి భావము భయము కాదు, ద్వేషమును గాదు, అంటు. మాలపల్లెకు దూరముగా దొలగి నడచిన వానిని ‘పాపము, భయపడుచున్నాడు’ అని యే సంస్కర్తయు జాలిపడలేదు. దానికి అస్పృశ్యత యని పేరుపెట్టి, 1950లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగమున 17వ యధికరణముచే రద్దుచేసితిమి. వ్యాధియని నామకరణము చేసియుండిన రద్దుచేయ వీలయ్యెడిదా?

చట్టము భయపడదు, చట్టమునకు గుండెలేదు. 1860నాటి శిక్షాస్మృతిలోని 377వ ప్రకరణము 1862 మొదలు అమలునం దుండెను. ఢిల్లీ హైకోర్టు 2009లో దాని కోఱలు పీకినది. 2013లో సుప్రీముకోర్టు మరల నతికించినది. 2018 సెప్టెంబరు 6వ తేదీని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, వయస్సు వచ్చినవారి యిష్టపూర్వకమైన సంబంధము నేరము కాదని తీర్పు చెప్పెను. 2024 జూలైలో నమలునకు వచ్చిన క్రొత్త న్యాయసంహితలో నా ప్రకరణమే లేదు. అయినను ఇట్టివారి వివాహమును గుర్తింపుమని వేసిన యభ్యర్థనలను సుప్రీముకోర్టు 2023 అక్టోబరులో నంగీకరింపలేదు. హైదరాబాదు సంస్థానమున 1919లో, 1329 ఫసలీనాటి శాసనమొకటి, హిజ్రాల పేర్లను పోలీసు పుస్తకమున నమోదుచేయుటకును, స్త్రీవేషముతో వీధిలో నాడి పాడినచో వారంటు లేకయే పట్టుకొనుటకును అధికార మిచ్చెను. తెలంగాణ హైకోర్టు దానిని 2023 జూలైలో కొట్టివేయు వఱకు నది పుస్తకములలో నిలిచియుండెను. హిజ్రాల సమస్య స్వలింగానురాగుల సమస్యతో పూర్తిగా నొకటి కాదు. కాని చట్టముయొక్క చూపు రెంటియెడ నొకటియే. దీనికి ‘ఫోబియా’ యని పేరిడుట, పన్నువేయు తహసీలుదారును ‘లోభి’ యనుట వంటిది.

మదరాసు హైకోర్టునందు 2021లో జరిగినది ఇందులకు భిన్నము. తల్లిదండ్రులకు వెఱచి పాఱిపోయివచ్చిన యిరువురు యువతుల రక్షణను గూర్చిన వ్యాజ్యమున, న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్, తీర్పు వ్రాయుటకు ముందు, తన కీ విషయమున పూర్వాభిప్రాయము లున్నవని యొప్పుకొని, మనస్తత్త్వశాస్త్రజ్ఞురాలియొద్ద కూర్చుండి తెలిసికొని, ఆ సంగతిని తీర్పులోనే వ్రాసెను. ఆయన తనలో గుర్తించినది భయము కాదు, ఎఱుగమి. చికిత్స కోరలేదు, పాఠము కోరెను. ఆ వ్యాజ్యముయొక్క ఫలముగనే, ఇట్టివారి నే మాటలతో గౌరవముగా బేర్కొనవలెనో తెలుపు తమిళ పదకోశము 2022లో నా రాష్ట్రప్రభుత్వము ప్రకటించెను.

తెలుగున మాట యేర్పఱచుకొనువారు ‘స్వలింగభీతి’ వంటి యక్షరానువాదముల జోలికి పోకుందురుగాక యని మా ప్రార్థన. ఆంగ్లమున రూఢియైనను ఉన్నది. అనువాదమున రూఢి రాదు, కేవలయోగమే వచ్చును. మనసులోని దానికి ‘ఏవగింపు’ అను చక్కని తెనుగుమాట గలదు. చేతలలోని దానికి ద్వేషము, వెలి. చట్టమునందలి దానికి వివక్ష. నవ్వునకు ఎగతాళి. నాలుగు పనులకు నాలుగు మాటలుండుట భాషకు బరువు కాదు.

ఇంతవఱకు వ్రాసి, శబ్దము సరికాదని తేల్చితిమని కలము క్రింద బెట్టబోగా, నికల్స్, క్లార్కులు 1969లో నా మాటను మొదట నే యర్థమున వాడిరో యనునది మరల స్ఫురించినది. వారు ద్వేషమును గూర్చి వ్రాయలేదు. సాధారణపురుషులు తమ్ము నెవరైన స్వలింగానురాగులని యనుకొందురేమో యను బెదరుతో నడక, మాట, స్నేహము, దుస్తులు అన్నిటిని ఎట్లు కట్టుదిట్టము చేసికొందురో చెప్పుట కా మాట వాడిరి. ఈ యర్థమున నది యక్షరాల భయమే. ఈ భయమును మన మెఱుగుదుము. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము చేయించినప్పుడు, వితంతువులను ద్వేషించినవారు కొందఱే. సభలలో చప్పట్లు కొట్టి పెండ్లివిందునకు రానివారు పలువురు. వారికి వితంతువన్న భయము లేదు, వెలియన్న భయము. వెలికి వెఱచి ప్రాయశ్చిత్తము చేసికొన్నవారును గలరు.

మా తరగతిలోని యా రెండవ బాలుడు బడికి వచ్చుట లేదని తెలిసిన దినముననే వాని యింటికి బోవలెనని యనుకొంటిమి. బోలేదు. మాస్టారు ప్రత్యేకముగా వానికొఱకు వచ్చినారేమని యిరుగుపొరుగు లనుకొందురేమో, బడిలో మాటపుట్టునేమో యని మూడుదినములు జంకితిమి. ప్రశ్న యడిగిన బాలునకు నాడు చెప్పలేకపోయిన సమాధానములో సగ మిది: కొట్టినవాడు భయపడలేదు, చూచుచు నిలిచినవారు భయపడిరి. నాలుగవదినమున సాయంకాలము బడి విడిచిన పిమ్మట వాని యింటికి వెళ్లితిమి.